పుట్టిన కోట నుంచి సమాధి దాకా: మార్షల్ ట్యూరెన్ వెంట

శనివారం, సెడాన్

పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కి మధ్యాహ్నం భోజనం వేళకి ముందే సెడాన్‌లో దిగాను. బెల్జియం సరిహద్దు పక్కనే, మ్యూజ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరిది. చరిత్ర పుస్తకాల్లో ఈ పేరు రెండు ఓటముల వల్ల కనిపిస్తుంది. 1870లో మూడో నెపోలియన్ ప్రష్యన్లకి బందీగా చిక్కింది ఇక్కడే. 1940 మే నెలలో జర్మన్ ట్యాంకులు మ్యూజ్ దాటి ఫ్రాన్స్ లోపలికి చొచ్చుకుపోయింది కూడా ఇక్కడి నుంచే. నేను వచ్చింది అంతకంటే పాత సంగతి కోసం. 1611 సెప్టెంబర్ 11న ఈ ఊరి కోటలో హెన్రీ ద లా తూర్ దోవెర్న్ పుట్టాడు. లోకానికి ఆయన ట్యూరెన్ ప్రభువుగా, మార్షల్ ట్యూరెన్‌గా తెలుసు.

మన దగ్గర ఫ్రెంచి సేనాని అనగానే నెపోలియన్ గుర్తొస్తాడు. ఆ నెపోలియనే యుద్ధవిద్య నేర్చుకోవాలంటే ఏడుగురి దండయాత్రలు మళ్లీ మళ్లీ చదవమన్నాడు. అలెగ్జాండర్, హానిబాల్, సీజర్, గుస్తావస్, ట్యూరెన్, యూజీన్, ఫ్రెడరిక్. ఆ ఏడుగురిలో ఫ్రాన్స్ తరఫున పోరాడినవాడు ట్యూరెన్ ఒక్కడే. వయసు మీదపడేకొద్దీ తెగువ పెరిగిన సేనాని ఆయనొక్కడే అని కూడా నెపోలియన్ అన్నాడు. నన్ను ఇల్లు కదిలించింది ఈ రెండో మాట. యాభై దాటాక ఇక కొత్తగా చేసేదేముందిలే అనుకునేవాళ్లం చాలామందిమి ఉంటాం. ట్యూరెన్ తన బతుకులోకెల్లా గొప్ప దండయాత్ర నడిపింది అరవై మూడేళ్ల వయసులో, నడిచలికాలంలో, కొండల్లో మంచు పడుతుండగా.

సెడాన్ కోట ఊరి నెత్తిన కూర్చుని ఉంటుంది. 1424లో కట్టడం మొదలైంది. ఏడు అంతస్తుల్లో ముప్పై అయిదు వేల చదరపు మీటర్లు. యూరప్‌లో ఇంత పెద్ద కోట ఇంకోటి లేదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. లోపలికి వెళ్లే దారిలో గోడల మందం చూస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. ఒక గోడలో కిటికీలాంటి సందు కనిపిస్తే చెయ్యి పెట్టి చూశాను. భుజం దాకా పోయినా అవతలి వైపు గాలి తగల్లేదు. ఫిరంగులొచ్చాక పాత గోడల ముందు కొత్త గోడలు, బురుజులు చేర్చుకుంటూ పోయారు. కోటలో ఒక భాగాన్ని ఇప్పుడు హోటల్‌గా నడుపుతున్నారు.

అప్పట్లో సెడాన్ ఫ్రాన్స్‌లో భాగం కాదు. చిన్న స్వతంత్ర రాజ్యం, పైగా ప్రొటెస్టెంట్ రాజ్యం. ట్యూరెన్ తండ్రి బుయ్యోన్ డ్యూక్ దానికి ప్రభువు. తల్లి ఎలిజబెత్, డచ్చివాళ్ల స్వాతంత్ర్య పోరాటానికి నాయకుడైన ఆరెంజ్ విలియం కూతురు. ట్యూరెన్ రెండో కొడుకు. అంటే రాజ్యం అన్నకి, కత్తి తమ్ముడికి. చిన్నప్పుడు బలహీనంగా ఉండేవాడట, మాట కూడా తడబడేదట. వీడు సైనికుడేం అవుతాడని పెద్దలు అనుకుంటుంటే, పదేళ్ల పిల్లవాడు చలికాలం రాత్రి బురుజు మీదికెక్కి ఫిరంగి బండి మీదే పడుకున్నాడని, తెల్లారి వెతికి పట్టుకున్నారని కథ. కథే కావచ్చు. కానీ ఆ బురుజు మీద నిలబడితే జూన్‌లో కూడా గాలి చెవుల్లోకి కొట్టింది. ఆ చలిలో రాత్రంతా పడుకున్నాడంటే మామూలు మొండితనం కాదు.

పదకొండేళ్లకి తండ్రి పోయాడు. 1625లో, ఇంకా పద్నాలుగేళ్లు కూడా నిండకుండా, తల్లి ఆయన్ని హాలండ్‌లో ఉన్న తన అన్న నాసో మారిస్ దగ్గరికి పంపింది. మారిస్ ఆ కాలానికి యూరప్‌లో యుద్ధవిద్యకి పెద్ద గురువు. మేనల్లుడని కూడా చూడకుండా మామూలు సైనికుడిగా తుపాకీ పట్టించాడు. ఆ ఏడాదే మారిస్ చనిపోతే ఇంకో మేనమామ ఫ్రెడరిక్ హెన్రీ దగ్గర చదువు సాగింది. డచ్చివాళ్ల పాఠం మెరుపుదాడుల పాఠం కాదు. కందకం ఎలా తవ్వాలి, రొట్టె ఎలా అందించాలి, జీతం ఎలా సమయానికి ఇవ్వాలి, సైనికుడిని అనవసరంగా ఎలా చంపుకోకూడదు, ఇవీ వాళ్లు నేర్పింది. 1630లో ఫ్రాన్స్ కొలువుకి వచ్చేటప్పటికి ఆయన ఆ పాఠాలన్నీ వెంట తెచ్చుకున్నాడు. పదమూడేళ్లలో, ముప్పై రెండో ఏట, మార్షల్ అయ్యాడు.

సాయంత్రం ఆయన పేరు పెట్టిన కూడలిలో, 1823లో నిలబెట్టిన కంచు విగ్రహం ఎదురుగా కూర్చుని ఇక్కడి గాలెట్ ఆ సుక్ర్ తిన్నాను. వెన్న, పంచదార వేసి కాల్చిన మెత్తటి రొట్టె. విగ్రహం నాకు అంతగా నచ్చలేదు. ట్యూరెన్ చిత్రాల్లో కనిపించే ఆ దట్టమైన కనుబొమలు, ఆలోచనలో పడ్డ ముఖం ఇందులో లేవు.

ఆదివారం, రైళ్లలో

సెడాన్ నుంచి డన్‌కిర్క్‌కి నేరుగా వెళ్లే రైలు లేదు. షార్ల్‌విల్‌లో ఒకటి, తర్వాత లీల్‌లో ఒకటి మారుతూ రోజంతా గడిచింది. చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేని రోజు. అందుకని ట్యూరెన్ నడివయసు గురించి ఇక్కడే చెప్పేస్తాను.

ఆయన మార్షల్ అయినప్పుడు ముప్పై ఏళ్ల యుద్ధం చివరి అంకంలో ఉంది. జర్మన్ నేలంతా ఊళ్లు కాలిపోయి, పొలాలు బీడుపడి ఉన్నాయి. 1644 ఆగస్టులో ఫ్రైబుర్గ్ దగ్గర కుర్ర రాజవంశీకుడు ఆంగియాన్ డ్యూక్‌తో కలిసి బవేరియా సేన మీద పోరాడాడు. ఆ కుర్రవాడే తర్వాత కొందే ప్రిన్స్ అయ్యాడు. కొందే ఒక్క దెబ్బలో తేల్చేసే మనిషి, దానికి ఎన్ని వేలమంది పోయినా వెనక్కి చూడడు. ట్యూరెన్ నెమ్మది. ఒక గడ్డివామి ఎక్కడుంది, నది ఎక్కడ దాటొచ్చు, శత్రువు గుర్రాలకి మేత ఎన్నాళ్లొస్తుంది అని చూసుకునే మనిషి. ఈ ఇద్దరి బతుకులూ ఆ తర్వాత ముప్పై ఏళ్లు పెనవేసుకునే సాగాయి.

1645 మే నెలలో మెర్గెన్‌తైమ్ దగ్గర ట్యూరెన్ చిత్తుగా ఓడిపోయాడు. గుర్రాలకి మేత దొరక్క, సైనికులు అలిసిపోయి ఉంటే, వాళ్లని చుట్టుపక్కల పల్లెల్లోకి విడివిడిగా పంపాడు. బవేరియా సేనాని మెర్సీ ఆ సంగతి కనిపెట్టి ముట్టడించాడు. చెదిరిపోయిన దళాలు ఒక్కచోటికి చేరేలోపే అంతా అయిపోయింది. ఎలా ఓడిపోయారని తర్వాతెప్పుడో ఎవరో అడిగితే, తప్పు నాదే అన్నాడని చెప్పుకుంటారు. ఈ మెర్గెన్‌తైమ్ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. బుధవారం దాంతో పని పడుతుంది.

సోమవారం, డన్‌కిర్క్

డన్‌కిర్క్‌లో సిటీ బస్సులకి టికెట్ ఉండదు. ఎక్కి కూర్చోవడమే. తూర్పు వైపు లెఫ్రాన్‌కూక్ దాకా వెళ్లి దిగి, ఇసుక దిబ్బలు దాటి సముద్రం ఒడ్డుకి నడిచాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు కట్టిన కాంక్రీటు బంకర్లు ఇసుకలో ఒరిగిపోయి ఉన్నాయి. ఈ తీరం 1940 నాటి తరలింపు వల్ల ప్రపంచమంతా తెలుసు. 1658 జూన్ 14న ఇదే ఇసుకలో జరిగిన దిబ్బల యుద్ధం గురించి మాత్రం చాలా తక్కువమందికి తెలుసు.

ముందు అసలు ఎవరు ఎవరితో పోరాడారో చెప్పాలి, లేకపోతే అయోమయంగా ఉంటుంది. 1648లో వెస్ట్‌ఫేలియా సంధితో ముప్పై ఏళ్ల యుద్ధం ముగిసింది, స్పెయిన్‌తో ఫ్రాన్స్ పోరు మాత్రం ఆగలేదు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఫ్రోండ్ అనే అంతర్యుద్ధం మొదలైంది. పద్నాలుగో లూయీ అప్పటికి పసివాడు. పాలన నడిపిన మంత్రి కార్డినల్ మజారిన్ మీద పెద్ద ప్రభువులు తిరగబడ్డారు. ట్యూరెన్ కూడా 1650లో తిరుగుబాటుదారుల్లో చేరి, స్పెయిన్‌తో చేతులు కలిపి, సొంత రాజు సేన మీదే పోరాడాడు. రెతెల్ దగ్గర ఆ డిసెంబర్‌లో ఓడిపోయాడు. ఎందుకు చేరాడనేదానికి కారణాలు వెతుకుతారు. అన్న ఒక కుట్రలో ఇరుక్కుని 1642లో సెడాన్ రాజ్యాన్నే రాజుకి వదులుకోవాల్సి వచ్చింది, ఆ మంట ఉంది. తిరుగుబాటులో ముందున్న లోంగ్‌విల్ డచెస్ మీద మనసుపడ్డాడని కూడా అంటారు. ఏ కారణమైనా, నా దృష్టిలో అది ఆయన జీవితంలో మచ్చే. మరుసటి ఏడాది రాజు పక్షానికి తిరిగొచ్చి, మళ్లీ ఎప్పుడూ గీత దాటలేదు. 1652 ఏప్రిల్‌లో బ్లెనో దగ్గర కొందే దాడిని అడ్డుకుని, చేతికి చిక్కబోయిన బాలరాజుని, ఆయన తల్లి రాణిని కాపాడాడు. లూయీ ఆ సంగతి చచ్చేదాకా మర్చిపోలేదు.

ఈలోగా కొందే స్పెయిన్ వైపు వెళ్లిపోయాడు. అందువల్ల 1658లో ఈ దిబ్బల మీద చిత్రమైన కలయిక జరిగింది. ట్యూరెన్ డన్‌కిర్క్‌ని ముట్టడించి ఉన్నాడు. ఆయన పక్కన ఇంగ్లండ్ నుంచి అప్పటి పాలకుడు క్రామ్‌వెల్ పంపిన ఎర్రకోటు సైనికులు. నగరాన్ని విడిపించడానికి వచ్చిన స్పెయిన్ సేనలో ఆస్ట్రియా డాన్ జువాన్, కొందే, వాళ్లతోపాటు దేశం విడిచిన ఇంగ్లండ్ రాజకుమారుడు జేమ్స్. ఈ జేమ్స్ అంతకు ముందు ట్యూరెన్ దగ్గరే యుద్ధం నేర్చుకున్నవాడు. అంటే గురువు ఒక వైపు, శిష్యుడు ఇంకో వైపు. పాత స్నేహితుడు ఎదురుగా. ఇంగ్లిష్‌వాళ్లు రెండు వైపులా.

స్పెయిన్ సేన తొందరపడి ఫిరంగులు వెనకే వదిలేసి వచ్చింది. ట్యూరెన్ వాళ్ల కోసం ఎదురుచూడలేదు, తెల్లారగానే తానే కదిలాడు. కొందేకి చూడగానే అర్థమైపోయింది. పక్కనున్న ఇంగ్లిష్ రాజకుమారుడు గ్లోస్టర్ డ్యూక్‌ని, ఎప్పుడైనా యుద్ధం చూశావా అని అడిగాడట. లేదన్నాడు ఆ కుర్రవాడు. ఇంకో అరగంటలో యుద్ధం ఎలా ఓడిపోతారో చూస్తావు అన్నాడట కొందే.

ఒడ్డున నిలబడితే ట్యూరెన్ లెక్క కళ్లకి కడుతుంది. పోటు మీదున్నప్పుడు ఇక్కడ సముద్రం దిబ్బల దగ్గరదాకా వస్తుంది. ఆటు వచ్చేసరికి నీళ్లు వందల మీటర్లు వెనక్కి పోయి, చదునైన తడి ఇసుక బయటపడుతుంది. నేను వెళ్లినప్పుడు నీళ్లు తగ్గుతున్నాయి. దిబ్బ మీద ఇసుకలో మడమ దిగబడిపోతుంటే, కింద తడి ఇసుక మీద నా బూటు అచ్చు మాత్రమే పడింది, అంత గట్టిగా ఉంది. గుర్రాలు దౌడు తియ్యడానికి అంతకంటే మంచి నేల ఉండదు. స్పెయిన్ సేన కుడి పక్క సముద్రాన్ని ఆనుకుని ఉంది, నీళ్లే తమకి గోడ అనుకున్నారు. ఆటు సమయం చూసుకుని ట్యూరెన్ గుర్రపు దళం ఆ తడి ఇసుక మీదుగా చుట్టివచ్చి వాళ్ల పక్క నుంచి, వెనక నుంచి పడింది. ఆ పక్కనే ఇంగ్లిష్ కాల్బలం నిట్టనిలువు దిబ్బ ఎక్కి దాన్ని పట్టుకుంది. రెండు గంటల్లో ముగిసిపోయింది. అరగంటకి పైగా ఆ అంచున అటూ ఇటూ నడిచాను. సముద్రం కదలికని కూడా తన సేనలో ఒక దళంగా లెక్కేసుకున్న మనిషి మీద గౌరవం పెరిగింది.

ఆ రాత్రి ట్యూరెన్ భార్యకి రాసిన చీటీ చాలా చిన్నది. శత్రువులు మా మీదికి వచ్చారు, ఓడిపోయారు, దేవుడికి స్తోత్రం, పగలంతా కొంచెం అలిసిపోయాను, నీకు శుభరాత్రి చెప్పి పడుకోబోతున్నాను అని అందులోని సారాంశం. గెలిచాక ఇంత తక్కువ మాట్లాడిన సేనాని ఇంకొకరు నాకు తెలియదు.

పది రోజులకి నగరం లొంగింది. జూన్ 25న పొద్దున స్పెయిన్‌ది, మధ్యాహ్నం ఫ్రాన్స్‌ది, సాయంత్రం ఒప్పందం ప్రకారం ఇంగ్లండ్‌ది అయింది. నాలుగేళ్ల తర్వాత 1662లో లూయీ డబ్బిచ్చి కొనుక్కున్నాడు. స్పెయిన్ 1659లో సంధికి దిగింది. 1660లో ట్యూరెన్‌కి రాజు సేనలన్నిటికీ మార్షల్ జనరల్ అనే ప్రత్యేక పదవి దక్కింది.

మంగళవారం, కోల్మార్

పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ప్రయాణమే. డన్‌కిర్క్ నుంచి పారిస్, అక్కణ్నుంచి కోల్మార్. కార్ల్స్‌రూహెలో ఎమ్మెస్ చదువుతున్న మా మేనల్లుడు రాత్రికి వచ్చి కలిశాడు. వాడికి చరిత్ర మీద ఆసక్తి లేదనుకున్నాను. మామయ్యా, మీరు చెప్పే ఈ మార్షల్ మా యూనివర్సిటీ చుట్టుపక్కల ఊళ్లన్నీ తగలబెట్టించాడంట కదా అని కూర్చోగానే మొదలెట్టాడు.

బుధవారం, టుర్క్‌హైమ్

కోల్మార్ నుంచి మున్‌స్టర్ లోయలోకి వెళ్లే చిన్న రైలు పావుగంట లోపే టుర్క్‌హైమ్‌లో దింపుతుంది. చుట్టూ గోడ, మూడు ద్వారాలు, ఒక ద్వారం మీద కొంగగూడు, గోడ వెనకే నిటారుగా లేచే ద్రాక్షతోటలు. పక్కన ఫెష్ట్ అనే చిన్న నది. గోడ బయట యుద్ధానికి గుర్తుగా నిలబెట్టిన రాతి స్తంభం ఉంది. ఈ ప్రయాణం మొత్తంలో నేను ఎక్కువ ఎదురుచూసింది ఈ ఊరి కోసమే.

1672లో లూయీ డచ్చివాళ్ల మీద యుద్ధం ప్రకటించాడు. అది క్రమంగా జర్మన్ చక్రవర్తి, బ్రాండెన్‌బుర్గ్, స్పెయిన్ అందరినీ లాక్కొచ్చింది. ఈ యుద్ధం మన తీరాన్ని కూడా తాకింది. 1672 జూలైలో ఫ్రెంచి నౌకాదళం గోల్కొండ అధీనంలోని మైలాపూర్ శాంతోమ్ కోటని పట్టుకుంది. అప్పుడే గద్దెనెక్కిన తానీషా సేన దాన్ని ముట్టడించింది. మచిలీపట్నంలో ఎన్నాళ్లుగానో వ్యాపారం చేస్తున్న డచ్చివాళ్లు గోల్కొండకి తోడు నిలబడ్డారు. ఫ్రెంచివాళ్లు రెండేళ్లు తట్టుకుని 1674 సెప్టెంబర్‌లో లొంగిపోయారు. సరిగ్గా అదే శరత్కాలంలో ఇక్కడ ట్యూరెన్ రైన్ నది ఒడ్డున తనకంటే పెద్ద సేనతో పెనుగులాడుతున్నాడు.

అక్టోబర్ 4న ఎంట్స్‌హైమ్ దగ్గర భీకరంగా పోరాడినా ఎటూ తేలలేదు. బ్రాండెన్‌బుర్గ్ ఎలెక్టర్ (అంటే జర్మన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ప్రభువు) ఫ్రెడరిక్ విలియం కూడా వచ్చి చేరాక శత్రువు బలం బాగా పెరిగింది. ట్యూరెన్ వెనక్కి తగ్గి, వోజ్ పర్వతాలు దాటి లొరేన్ వైపు వెళ్లిపోయాడు. చలికాలం వచ్చింది, ఆ రోజుల్లో చలికాలంలో యుద్ధాలు ఆగిపోతాయి. చక్రవర్తి, బ్రాండెన్‌బుర్గ్‌ల మిత్రసేన వోజ్ పర్వతాలకీ రైన్ నదికీ మధ్యనున్న అల్సాస్ అంతా పరుచుకుని పల్లెపల్లెకీ విడిపోయి విడిది చేసింది. మెర్గెన్‌తైమ్‌లో ట్యూరెన్ చేసిన పనే ఇప్పుడు వాళ్లు చేశారు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట తన మీద పడిన దెబ్బ ఎలా పడిందో ఆయనకి బాగా గుర్తుంది.

డిసెంబర్‌లో సేనని చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుని ఒక్కో కొండదారిలో దక్షిణానికి నడిపించాడు. పర్వతాలు అడ్డంగా తెరలా నిలబడ్డాయి, అవతలివాళ్లకి ఏమీ కనపడలేదు. మంచులో నడక. బళ్లు కూరుకుపోతే మనుషులు లాగారు. డిసెంబర్ 27న బెల్‌ఫోర్ దగ్గర అందరూ కలిశారు. 29న ముల్‌హౌస్ దగ్గర అడ్డొచ్చిన గుర్రపు దళాన్ని చెదరగొట్టారు. ఉత్తరాన ఉన్నాడనుకున్న ట్యూరెన్ దక్షిణం నుంచి ఊడిపడేసరికి మిత్రసేన పల్లెల్లోంచి హడావిడిగా కోల్మార్ వైపు పరిగెత్తింది. ఎలెక్టర్ ఫ్రెడరిక్ విలియం అప్పటికే కుంగిపోయి ఉన్నాడు. పెద్ద కొడుకు కార్ల్ ఎమిల్ ఆ డిసెంబర్‌లోనే స్ట్రాస్‌బుర్గ్‌లో జబ్బుచేసి చనిపోయాడు.

1675 జనవరి 5న కోల్మార్ నుంచి టుర్క్‌హైమ్ దాకా ఒక కాలవ వెనక మిత్రసేన బారులు తీరింది. మేమిద్దరం ద్రాక్షతోటల్లోకి ఎక్కి ఆ మైదానం అంతా చూశాం. కోల్మార్ చర్చి ఎదురుగా కనిపిస్తుంది. నేను మావాడికి చేత్తో చూపించాను. ట్యూరెన్ అక్కడ, కోల్మార్ ముందు, పెద్ద దాడి చేయబోతున్నట్టు సేనని కనపడేలా నిలబెట్టాడు. శత్రువు కళ్లన్నీ అటే. ఈలోగా తాను కొంత సేనని తీసుకుని, కొండ వాలు చాటున నడిపించుకుని, ఈ చివరన ఉన్న టుర్క్‌హైమ్‌కి చేర్చాడు. ఊరికి కాపలా దాదాపు లేదు. తేలిగ్గా చేతికొచ్చింది. తేరుకున్న మిత్రసేన నది దగ్గరున్న మర కోసం గట్టిగా పోరాడింది. ఫ్రెంచి సేనాని ఫూకో అక్కడే చనిపోయాడు. చీకటిపడే వేళకి ఎలెక్టర్ వెనుదిరిగాడు. కొద్ది రోజుల్లో మిత్రసేన మొత్తం స్ట్రాస్‌బుర్గ్ వంతెన మీదుగా రైన్ దాటి వెళ్లిపోయింది. పెద్ద రక్తపాతం లేకుండా, ఎక్కువ భాగం నడకతోనే, ఒక రాష్ట్రాన్ని ఖాళీ చేయించాడు.

నేను ఇంత ఉత్సాహంగా చెబుతుంటే మావాడు ఫోన్‌లో ఏదో చదువుతూ అన్నాడు.

"మామయ్యా, గెలిచాక ఈ ఊరిని దోచుకున్నారంట. ఉన్నవాళ్లని చంపేశారంట. మీ మార్షల్ ఆపలేదా?"

"ఆపినట్టు నేనెక్కడా చదవలేదురా."

"ఆపగలిగేవాడేగా?"

ఆపగలిగేవాడే. సైనికులు ఆయన్ని తండ్రీ అని పిలిచేవాళ్లు. జీతాలు అందకపోతే తన ఇంటి వెండి సామాను కరిగించి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ మాట కాదనే సైనికుడు ఉండేవాడు కాదు. ఊరి గోడలు తాకి చూస్తూ ఆ సంగతే ఆలోచించాను. ట్యూరెన్ గొప్పతనం తన సైనికుడి ప్రాణం దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. ఊళ్లో జనం ఆయన లెక్కలోకి రాలేదు. నేను ఆయన్ని ఇష్టపడతాను, కానీ ఈ మాట దాచిపెట్టి రాయలేను.

రాత్రి పదింటికి ఈ ఊళ్లో కాపలావాడు లాంతరు, ఈటె పట్టుకుని పాడుతూ వీధులు తిరుగుతాడు. పాత ఆచారాన్ని వేసవిలో ఇప్పటికీ నడుపుతున్నారు. మావాడు ఫ్లామ్‌క్యూష్ రెండోది ఆర్డర్ చేసి ఆయన వెనకే సగం ఊరు తిరిగొచ్చాడు.

గురువారం, సాస్‌బాఖ్

కోల్మార్ నుంచి స్ట్రాస్‌బుర్గ్, అక్కడ రైన్ దాటి ఓఫెన్‌బుర్గ్, ఆఖర్న ఆఖెర్న్. సాస్‌బాఖ్ దాని పక్కనే ఉన్న పల్లె, నడిచే వెళ్లాం. ఎడమవైపు మైదానం, కుడివైపు బ్లాక్ ఫారెస్ట్ కొండలు, దారిపొడుగునా పళ్లతోటలు.

దారిలో మావాడికి పాలటినేట్ సంగతి పూర్తిగా చెప్పాను. 1674 వేసవిలో ట్యూరెన్ సేన రైన్ అవతల పాలటినేట్ అనే జర్మన్ రాజ్యంలో ఊళ్లని, పంటలని తగలబెట్టింది. శత్రువు మళ్లీ అక్కడ మేత, తిండి సంపాదించుకోకుండా చేయడం ఉద్దేశం. అక్కడి ఎలెక్టర్ కార్ల్ లుడ్విగ్ తట్టుకోలేక, ట్యూరెన్‌ని ద్వంద్వయుద్ధానికి రమ్మని ఉత్తరం రాశాడు. ట్యూరెన్ ఒప్పుకోలేదు. ఆ ఎలెక్టర్ కూతురు ఎలిజబెత్ షార్లెట్ అప్పటికి మూడేళ్లుగా లూయీ తమ్ముడి భార్య. పుట్టింటి పల్లెలు కాలుతున్న కబురు ఫ్రెంచి దర్బారు వైభవం మధ్య వినాల్సి వచ్చింది ఆ పిల్లకి.

1675 వేసవిలో చక్రవర్తి తన దగ్గరున్న అందరికంటే తెలివైన సేనానిని పంపాడు. ఇటలీవాడు మోంటెకుక్కోలి. ఇద్దరూ అరవై దాటినవాళ్లు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు. వారాల తరబడి ఒకరి మేత దారిని ఒకరు కోసుకుంటూ, ఒకరి వంతెనని ఒకరు అడ్డుకుంటూ చదరంగంలా తిరిగారు. జూలై 27న ఇక్కడ సాస్‌బాఖ్ దగ్గర ట్యూరెన్‌కి చివరికి అనుకూలమైన చోటు దొరికింది. ఇక దొరికారు అన్నాడని అంటారు. ఫిరంగి దళాధిపతి సాంతిలేర్ ఒక చోటు చూపిస్తానంటే గుర్రమెక్కి వెళ్లాడు. శత్రువుల వైపు నుంచి వచ్చిన ఒక్క గుండు సాంతిలేర్ చేతిని తెంచుకుని ట్యూరెన్ ఛాతీకి తగిలింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. ఏడుస్తూ వచ్చిన కొడుకుతో సాంతిలేర్, నా కోసం కాదు, ఆ మహానుభావుడి కోసం ఏడవరా అన్నాడట. కబురు తెలిసిన మోంటెకుక్కోలి, మనిషి అనే మాటకి గౌరవం తెచ్చిన మనిషి ఈరోజు పోయాడు అన్నాడట.

ఫ్రెంచి సేనలో ఎటు కదలాలో ఎవరికీ తోచలేదు. ట్యూరెన్‌కి పీ అనే మచ్చల గుర్రం ఉండేది. సేనానులు వాదించుకుంటుంటే సైనికులు, పీని వదలండి, అదే మమ్మల్ని నడిపిస్తుంది అని అరిచారని ఒక కథ ఉంది. నాకు ఈ కథ చాలా ఇష్టం. పీ సంగతేమో గానీ, సేన మాత్రం రైన్ వెనక్కి వెళ్లిపోయింది. అల్సాస్‌ని నిలబెట్టడానికి లూయీ ఎవరిని పంపాడో తెలుసా? దిబ్బల మీద ఓడిపోయి, క్షమాపణ పొంది తిరిగొచ్చిన కొందేని. అదే ఆయన ఆఖరి దండయాత్ర. ట్యూరెన్ లోటు పూడ్చడానికి రాజు ఒకేసారి ఎనిమిదిమంది మార్షళ్లని చేశాడు. పారిస్ జనం వాళ్లకి ట్యూరెన్ గారి చిల్లర అని పేరు పెట్టారు.

ఆయన పడిపోయిన చోట గ్రానైట్ స్తంభం ఉంది. 1829లో ఫ్రాన్స్ నిలబెట్టింది, 1940లో నాజీలు పడగొట్టారు, యుద్ధం ముగిశాక 1945లో మళ్లీ లేపారు. జర్మన్ పల్లెలో ఫ్రెంచి సేనాని స్మారకం. చుట్టూ పచ్చిక, చెట్లు, ఎవరూ లేరు. మావాడు స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇక్కడ కాలిపోయిన ఊళ్లవాళ్లకి కూడా ఒక రాయి ఉంటే బాగుండేది మామయ్యా అన్నాడు. వాడి మాట సబబే అనిపించింది.

శుక్రవారం, పారిస్

మావాడు ఆఖెర్న్ నుంచి వెనక్కి వెళ్లిపోయాడు, నేను పారిస్ చేరాను. ఆఖరి మజిలీ అన్వాలిద్. వికలాంగ సైనికుల కోసం 1670లో లూయీ స్థాపించిన భవనం. జనమంతా బంగారు గుమ్మటం కింద నెపోలియన్ సమాధి చుట్టూ మూగి ఉంటారు. ట్యూరెన్ సమాధి పక్క గదిలో ఉంది.

ఆయన ఇక్కడికి చేరిన కథ ఆయన జీవితం కంటే విచిత్రం. లూయీ ఆయన్ని సాంద్‌నీ చర్చిలో, రాజుల మధ్య పూడ్చిపెట్టించాడు. రాజు కాని మనిషికి అంతకంటే గౌరవం లేదు. 1793 అక్టోబర్‌లో విప్లవకారులు ఆ రాజుల సమాధులన్నీ తవ్వి ఎముకలు గోతుల్లో పారేశారు. ట్యూరెన్ శవపేటిక తెరిస్తే శరీరం చెక్కుచెదరకుండా ఎండిపోయి ఉంది. దాన్ని మాత్రం పారెయ్యలేదు. ఆ మనిషంటే విప్లవకారులకి కూడా గౌరవమే. కొన్నాళ్లు చర్చిలో పెట్టెలో ఉంచి, తర్వాత ప్రకృతిశాస్త్ర మ్యూజియానికి తీసుకెళ్లారు. జంతువుల కళేబరాల మధ్య ఫ్రాన్స్ మార్షల్ జనరల్ ఉన్నాడు కొన్నేళ్లు. తర్వాత పాత కట్టడాల మ్యూజియానికి మార్చారు. 1800 సెప్టెంబర్ 22న బోనపార్ట్ ఘనంగా ఊరేగించి ఇక్కడికి చేర్చాడు.

సమాధి మీది శిల్పాలు తూబీ, మార్సీ చెక్కినవి. వాలిపోతున్న ట్యూరెన్‌ని అమరత్వం చేతుల్లోకి తీసుకుంటున్నట్టు చేశారు. కింద కంచు పలకలో టుర్క్‌హైమ్ యుద్ధం. గుర్రాలు, జెండాలు, కిక్కిరిసిన మనుషులు. దాంట్లో మేము ఎక్కిన కొండ వాలు కోసం వెతికాను, శిల్పికి కొండ మీద ధ్యాస లేదు. పక్కనున్న సైనిక మ్యూజియంలో ఆయన ప్రాణం తీసిన గుండు అని చూపించే ఇనప గుండు కూడా ఉంది. చాలా చిన్నది.

ఎవరైనా ఈ దారిలో వెళ్లాలనుకుంటే సెడాన్‌కి ఒక పూర్తి రోజు పెట్టుకోండి, కోట పెద్దది. డన్‌కిర్క్‌లో ఆటుపోట్ల వేళలు ముందే చూసుకుని ఆటు సమయానికి ఒడ్డు మీద ఉండండి. టుర్క్‌హైమ్‌లో రాత్రి ఉండాలి, మే నుంచి అక్టోబర్ లోపు. మా మేనల్లుడు, నేను వచ్చే ఏడాది జిన్స్‌హైమ్ నుంచి మొదలుపెట్టి, పాలటినేట్‌లో 1674లో కాలిన పల్లెలు తిరుగుదామనుకుంటున్నాం. దారి, బస్సు టైములు వాడే చూస్తానన్నాడు.